ఉమ్మెత్త కాని చెట్టు

మొన్నొక ఆదివారం మల్లె అంటు కోసమని వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్టకు పోయే తోవలో కొత్తగా పెట్టిన నర్సరీ దగ్గర ఆగాను. హైదరాబాద్ నుంచి వచ్చిన జంట ఒకటి అక్కడ పెద్ద కుండీ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. కుండీలో నా ఎత్తు చెట్టు, చెట్టు నిండా లేత నారింజ రంగు పూలు గంటల్లాగా కిందికి వేలాడుతున్నాయి. నర్సరీ యజమాని, నా ఈడువాడే, తెల్ల మీసాలు, వాళ్లకు వివరం చెబుతున్నాడు. "గిది ఉమ్మెత్తనే మేడం. హైబ్రిడ్ ఉమ్మెత్త. శివునికి పెట్టుకోవచ్చు. ఆకు ఎండవెట్టి పొగ పీలిస్తే దమ్ము సుత తగ్గుతది." అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠం చెప్పిన గొంతు కదా, ఆ గొంతుతో నేనేం అరిచానో నాకే సరిగా గుర్తు లేదు. "మనుషులను చంపుతవా?" అన్నది మాత్రం గుర్తుంది. ఆ జంట కుండీ కొనకుండానే కారెక్కారు. యజమాని నన్ను ఎగాదిగా చూసి, "చెట్టు మీద గింత లొల్లి ఏందమ్మా?" అన్నాడు. మల్లె అంటు మరిచి ఇంటికొచ్చి, బీపీ గోలీ వేసుకుని కూర్చున్నాను. చెట్టు మీద అంత లొల్లి ఎందుకో చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి.

ముందు ఆ రెండు చెట్ల సంగతి చెప్పేస్తాను, అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఉమ్మెత్త మన దగ్గర ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. పెంటకుప్ప పక్కన, మురుగు పారే మోరీ గట్టున, కందిచేను అంచున, ఎక్కడ పడితే అక్కడ. నడుము ఎత్తు దాటడం కష్టం. పువ్వు మూతి ఆకాశం వైపు పెట్టి నిలబడుతుంది. కాయ గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది, ఎండితే పగిలి గింజలన్నీ నేల మీద పోస్తుంది. వినాయక చవితికి పత్రిలో మనం పెట్టేది దీని ఆకే. రెండోది గంటపూల చెట్టు. నర్సరీలో దాన్ని బ్రుగ్‌మాన్సియా అంటారు, నోరు తిరగనివాళ్లు ఏదో ఒకటి అంటారు. ఇది మాను కట్టి చెట్టులాగే పెరుగుతుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. పువ్వు జానెడుకు మించి ఉంటుంది, తలకిందులుగా వేలాడుతుంది. దీనికి ముళ్లకాయ ఉండదు. మన ఎండలకు అసలు కాయ నిలవడమే అరుదు, నిలిచినా నున్నగా పొడుగ్గా ఉంటుందట, నేనైతే ఇంతవరకూ చూడలేదు. మా అత్త అనేది: "ఒకటి తలెత్తుకొని చూస్తది, ఒకటి తల వంచుకొని ఉంటది. విషం మాత్రం రెండిట్ల ఉంటది బిడ్డా, రెండిటితోని పైలం."

అత్తను తాండూరుకు ఇచ్చారు. బండలు పాలిష్ పట్టే మిషన్లు, దోమ అనే ఊరి వైపు కంది పండే భూములు ఉన్న ఇల్లు అది. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు మా మామ, ఆయన అన్నను నేను పెద్దమామ అనేదాన్ని. ఇంటి వాకిలి, పెరడు, గోడలు, చివరికి పశువుల కొట్టం దాకా అంతా నాపరాయే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పెరట్లో కాలు పెడితే పెనం మీద పెట్టినట్టు ఉండేది. అటువంటి చోట మా అత్త చల్లటి కొండల్లో పెరిగే చెట్టును పెంచింది. పక్కింట్లో సేడం నుంచి వచ్చిన కన్నడం ఆవిడ ఉండేది, ఆమె పుట్టింటి నుంచి వేలు లావు కొమ్మ ఒకటి తెచ్చిచ్చి, "సంజెగె నోడ్రీ" అన్నదట. సాయంత్రం చూడమని. పువ్వు పూసేదాకా అత్తకు ఆ మాట అర్థం కాలేదు. పూసిన రోజు పొద్దు గూకగానే ఆ వాసన పెరడు దాటి, వాకిలి దాటి బజారు దాకా పోయింది. బజారులో పోయేవాళ్లు ఆగి, ఎవరింట్లో పెళ్లని అడిగారు.

కొమ్మను నాటి నీళ్లు పోస్తే పెరుగుతుందిలే అనుకునేవాళ్లుంటారు. తాండూరులో అలా పెరగదు. అత్త తూర్పు గోడ పక్కన రెండు బండలు లేపించి, గుంత తీయించి, పాత పెంట ఎరువు, చెరువు మట్టి నింపింది. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం ఎండ పడకూడదు. నీళ్లయితే ఎంత పోసినా చాలదు. "తాగువోతు చెట్టు" అని తిట్టుకుంటూ పొద్దున బకెట్టు, మాపున బకెట్టు పోసేది. వైశాఖంలో ఆకులన్నీ వాడి వేలాడితే తడి గోనెసంచులు గోడకు వేలాడదీసి దానికి చల్లదనం చేసేది. చెట్టు పెరిగి పంగ చీలేదాకా మొగ్గ తొడగదని, అంటు కట్టాలంటే పంగకు పైనుంచి కొమ్మ తీసుకుంటే తొందరగా పూస్తుందని అన్నీ తానే కనిపెట్టుకున్నది. ఒకసారి కొమ్మలు కత్తిరించి అదే చేత్తో కన్ను తుడుచుకుంటే కనుపాప అలచంద గింజంత నల్లగా పెద్దదైపోయి, రెండు రోజులు పేపరు చదవలేకపోయింది. ఆ తరువాత చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోకుండా ఆ చెట్టును ముట్టలేదు. ఆకు ఒక్కటి రాలినా ఏరి గుంతలో పూడ్చేది. గొర్లు కాసేవాళ్లు ఆకు కోసమని గోడ దగ్గరికి వస్తే బయటికొచ్చి మరీ చెప్పేది. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చెట్టులో విషముందని ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తెలివే చివరికి ఆమె మెడకు చుట్టుకున్నది.

పెద్దమామ వైద్యం గురించి కొంచెం చెప్పాలి. ఆయన చదివింది తక్కువ, చేసే వైద్యం ఎక్కువ. కామెర్లకు కంట్లో చుక్కలు, పంటి నొప్పికి పొగ, మోకాళ్లకు పట్టు, అన్నీ ఆయన దగ్గర ఉండేవి. ఆయన మందు తిని బాగైనవాళ్లు చెప్పుకునేవాళ్లు, బాగుకానివాళ్లు మొహమాటానికి ఊరుకునేవాళ్లు. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. వాళ్లమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. అవ్వకు దమ్ము, ఊపిరాడని ఆయాసం. చలికాలం వస్తే కూర్చునే నిద్రపోయేది. అత్త ఆమెకు వీపు రుద్దేది, ఆవిరి పట్టేది, డాక్టరిచ్చిన పంపు సమయానికి నోట్లో కొట్టేది. పెద్దమామకు ఆ పంపు అంటే చిన్నచూపు. "గాలి కొట్టనీకి అవ్వేమన్న సైకిలా?" అని నవ్వేవాడు.

ఆ చలికాలం ఒక పొద్దున అత్త నాకు ఫోన్ చేసి, "అవ్వ మనిషి మనిషి లెక్క లేదు, జర రా బిడ్డా" అంది. నేను వికారాబాద్‌లో దొరికిన బండెక్కి తాండూరులో దిగి నేరుగా ఆసుపత్రికి పోయాను. అవ్వ మంచం మీద కూర్చుని గాలిలోంచి దారాలు పీకుతోంది. కనపడని దారాలను ఒక్కొక్కటిగా లాగి చీర కొంగున ముడి వేసుకుంటోంది. ముఖం ఎర్రగా కమిలిపోయింది, పెదాలు ఎండి పగిలాయి, కళ్లల్లో కనుపాప తప్ప మరేమీ లేదు. చచ్చిపోయిన తన అక్కతో మాట్లాడుతోంది. డాక్టరు చూసీ చూడగానే, "ఉమ్మెత్త ఏమైనా తిన్నదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంకా గాలిలోనే ఉంది, పెద్దమామ అందుకున్నాడు. "మా మరదలు పెంచుతది సార్ గా చెట్టు. ఇంట్లనే ఉంది." అందరూ అత్త వైపు తిరిగారు. డాక్టరు, నర్సు, పక్క మంచం వాళ్లు, నేను కూడా. అత్త నోరు తెరిచి, "నాది ఉమ్మెత్త గాదు బావా" అంది. ఆ మాట ఆయన చెవిన వేసుకోలేదు. మామ అక్కడే ఉన్నాడు, నేల మీది బండల అతుకులు చూస్తున్నాడు.

అవ్వ ప్రాణానికి భయం లేదని చెప్పాక బట్టల కోసం నేనూ అత్తా ఇంటికి పోయాం. పెరట్లోకి అడుగు పెట్టేసరికి చెట్టు లేదు. పెద్దమామ మిషన్ల దగ్గర పనిచేసే మనుషులను పిలిపించి మొదలుకంటా నరికించేశాడు. కొమ్మలు బజారు మూల పెంటకుప్ప మీద పడి ఉన్నాయి, పూలు ఇంకా వాడనే లేదు. తల్లి ఆసుపత్రిలో దారాలు పీకుతుంటే ఈయనకు చెట్టు కొట్టించడానికి తీరిక దొరికింది, చూడండి! అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమె తిన్నగా వెనక కొట్టంలోకి పోయింది, పెద్దమామ మందులు నూరుకునే రాయి ఉండేది అక్కడే. రాతి గుంతలో బెల్లం అంటుకుని ఉంది. ఆ బెల్లంలో చిన్న చిన్న చదునైన గింజలు ఉన్నాయి. రాయి పక్కన ముళ్ల కాయ డొప్పలు. అత్త ఒక డొప్పను కాగితంతో పట్టుకుని నా ముందు పెట్టింది. "నా చెట్టు ఇన్నేండ్లల్ల ఒక్క కాయ గాసిందా? నువ్వే చెప్పు." ఆ పెరట్లో నేను ఏనాడూ కాయ చూడలేదు.

సాయంత్రం పెద్దమామ రాగానే అత్త ఆ డొప్పలు చూపించింది. "బావా, మీరు అవ్వకు గీ గింజలు నూరిచ్చిండ్రు. నా చెట్టుకు ముండ్లకాయ ఉండదు" అని అంది. గొంతు కూడా పెంచలేదు. మార్కెట్ యార్డు దగ్గర ఎవడో చెప్పిన వైద్యమట అది, ఆ సంగతి మాకు తరువాత తెలిసింది. ఆయన ఆ డొప్పలు తీసుకుని గోడ అవతలికి విసిరాడు. "ఇంట్ల విషం చెట్టు వెంచి నన్ను అడుగుతున్నవా?" అన్నాడు. అత్త మామ వైపు చూసింది. మామ నోట్లోంచి వచ్చినవి రెండే మాటలు. "ఊకో ఇగ." చెట్టు నరికినందుకంటే, నింద వేసినందుకంటే, ఆ రెండు మాటలకే నాకు ఎక్కువ కోపం. మామ ఇప్పుడు లేడు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

అవ్వ రెండో రోజుకు మనుషుల్లో పడింది. అందరి ముందూ అత్తే అడిగింది, ఎవరిచ్చింది తిన్నావని. అవ్వ ముందు పెద్దకొడుకు వైపు చూసి, తరువాత గోడ వైపు చూసి, "నాకేం యాది లేదు బిడ్డా" అంది. ఆ విషం తిన్నవాళ్లకు ఆ గంటలు గుర్తుండకపోవచ్చని డాక్టరు కూడా చెప్పాడు. సరే, నిజమేనేమో అనుకున్నాను. ఆ మరునాడు అత్త రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. పెంటకుప్ప దగ్గరికి పోయి, ఇంకా పచ్చిగా ఉన్న కొమ్మలు నాలుగు ఏరి, తడి బట్టలో చుట్టి, నాతో పాటు వికారాబాద్ బండెక్కింది. ధారూర్ దాటేదాకా ఆ మూటను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. తరువాత, "గుట్టల దగ్గర సల్లగుంటది గదా, అక్కడ మంచిగ పెరుగుతది" అంది. చెట్టు గురించే అంటోందనుకున్నాను.

మా ఇంట్లో కొన్నాళ్లుండి, తరువాత పక్క సందులోనే చిన్న ఇల్లు తీసుకుంది. మామ అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి ఇక్కడికే వచ్చి చేరాడు. అన్నను ఒక్క మాట అనకుండానే వచ్చాడు. కొమ్మలు మాత్రం నాలుగూ బతికాయి. వికారాబాద్ గాలికి, ఆ ఎర్రమట్టికి, తాండూరులో అంత కష్టపడితే పూసిన చెట్టు ఇక్కడ అడగకుండానే విరగబూసింది. వాడలో ఎవరు అడిగినా అత్త కొమ్మ ఇచ్చేది, ఇచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కోమని, నోట్లో పెట్టే ఈడు పిల్లలున్న ఇంట్లో పెట్టొద్దని చెప్పేది. కానీ తాండూరు మాట మాకంటే ముందే అన్ని ఊర్లూ తిరిగింది. విషం పెట్టిన కోడలు అన్నారు. బొంరాస్‌పేటలో మా దగ్గరివాళ్ల పెండ్లిలో అత్త చాయ్ గ్లాసులు పంచుతుంటే, అత్తకు వరుసకు వదినయ్యే ఒకామె గ్లాసు అందుకుని, తాగకుండా కుర్చీ కింద పెట్టింది. పక్కామెకు కంటితో సైగ చేసింది. ఆమె కూడా పెట్టేసింది. అత్త చూసింది. వంగి ఆ గ్లాసు తీసుకుని, వాళ్ల ముందే నిలబడి మొత్తం తాగి, ఖాళీ గ్లాసు పళ్లెంలో పెట్టి ముందుకు పోయింది. ఆ పెండ్లిలో నేను అన్నం ముట్టలేదు. నాలుగు మాటలు దులిపేద్దామని లేచాను కూడా. అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

అవ్వ మంచం పట్టిన తరువాత నేనొక్కదాన్నే చూడటానికి పోయాను. గదిలో ఎవరూ లేరు. అత్త ఎట్లున్నదని అడిగింది. చెప్పాను. చాయ్ గ్లాసు సంగతి కూడా చెప్పాను, దాచలేదు. అవ్వ ఊపిరి కూడదీసుకుని, "నాకంత యాదున్నదే" అంది. "పెద్దోడు బెల్లంల వెట్టి ఇచ్చిండు. చేదుంటే నీళ్లు దాపిండు." మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నన్ను ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూసింది. "పెద్దోని ఇజ్జత్ పోతే ఇల్లే పోతది బిడ్డా. చిన్నకోడలు ఏడిస్తే రెండు దినాలు ఏడుస్తది, ఊకుంటది." అందులో చెడు ఏమీ ఉన్నట్టు ఆమెకు తోచలేదు. ఇంటి లెక్క చెప్పినట్టు చెప్పింది. ముసలి మనిషి, దమ్ముతో అల్లాడుతోంది. బయటికొచ్చి, రైల్వే స్టేషన్ దాకా ఎండలో నడిచాను. ఆ మాట అత్తకు చెప్పాలా వద్దా అని కొన్ని నెలలు నలిగాను, చివరికి చెప్పాను. అత్త వత్తులు చేస్తోంది. "తెలుసు" అంది. "ఆమె గోడ దిక్కు చూసినప్పుడే తెలిసింది." అవ్వ పోయినప్పుడు అత్త పోయి స్నానం చేయించి, పసుపు రాసి వచ్చింది. ఆ ఇంట్లో మంచినీళ్లు మాత్రం ముట్టలేదు.

పోయిన ఏడాది కార్తీకంలో పెద్దమామ అత్త ఇంటికొచ్చాడు. ఆయన కొడుకు గుట్ట కింద ఫాంహౌస్ కట్టుకున్నాడు. కోడలికి గేటు పక్కన గంటపూల చెట్లు కావాలట. నర్సరీ నుంచి తెచ్చినవి రెండుసార్లు చచ్చిపోయాయి, ఎవరినడిగినా అత్త ఇంటికే తోవ చూపించారు. కోడలూ వెంట వచ్చింది, నెమ్మదైన పిల్ల, ఆమెకు పాత సంగతులేవీ తెలియవు. నేను అక్కడే ఉన్నాను. పెద్దమామ కుర్చీలో కూర్చుని, చేతికర్ర పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు, "చెట్లు మస్తు వెంచినవమ్మా" అన్నాడు. లేవబోయాను. అత్త నాకంటే ముందు లేచింది.

"బావా, జర ఇట్ల రాండ్రి" అని ప్రహరీ బయటికి తీసుకుపోయింది. మోరీ పక్కన ఎవరూ నాటని ఉమ్మెత్త ఒకటి కాసి ఉంది. లోపల గోడ మీదుగా గంటపూలు వేలాడుతున్నాయి. రెండూ ఒక్కచోట నిలబడితే కనిపిస్తాయి. "కొమ్మ గావాలంటే ముందుగాల చెట్టు గుర్తువట్టాలె" అంది అత్త. "ఆ దినం మీరు అవ్వకు నూరిచ్చింది గీ రెండిట్ల ఏది?"

ఆయన నవ్వబోయాడు. "పాత ముచ్చట్లెందుకమ్మా."

"నాకు పాతది గాదు బావా. రోజూ ఉన్నదే. ఏది?"

కోడలు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. పెద్దమామ కర్ర నేల మీద ఆనించి కోడలి వైపు చూశాడు. తరువాత ఆ కర్ర లేపి ముళ్లకాయ వైపు చూపించాడు. "గదే."

"ఎవలు ఇచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన."

అత్త తల ఊపింది. "మంచిది. బొంరాస్‌పేటల చాయ్ గిలాస కుర్చి కింద వెట్టిన వదినె ఉన్నది. ఆమె దగ్గర గీ మాటే చెప్పి రాండ్రి. చెప్పి వచ్చినంక కొమ్మ నేనే కొట్టిస్త." ఆయన కారెక్కాడు. మళ్లీ రాలేదు. బొంరాస్‌పేట కూడా పోలేదు, నేను కనుక్కున్నాను.

వచ్చింది కోడలు. కొన్ని వారాలకు ఒక్కతే ఆటోలో వచ్చి, గడప దగ్గర నిలబడి, "చిన్నత్తమ్మా, నేను మావాళ్లందరికి చెప్పిన. బొంరాస్‌పేట ఆమెకు సుత ఫోన్ చేసి చెప్పిన" అంది. అవతలామె ఏమన్నదని నేనడిగాను. "అయ్యో, గట్లనా, అన్నది" అని చెప్పి తలవంచుకుంది. అయ్యో, గట్లనా! ఇన్నేళ్ల నిందకు దక్కిన పరిహారం రెండు మాటలు. నాకు నవ్వు రాలేదు. అత్త నవ్వింది. ఆ పిల్లను లోపలికి పిలిచి చాయ్ పెట్టింది, ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుంది. తరువాత చేతులకు కవర్లు కట్టుకుని, పంగకు పైనుంచి చూసి చూసి రెండు మంచి కొమ్మలు కోసింది. మధ్యాహ్నం ఎండ తగలనీయొద్దని, గేటు దగ్గర పసిపిల్లలు ఆడే చోట అసలే పెట్టొద్దని, చేతులు సబ్బుతో కడుక్కోమని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

నీకు ఇంకా కోపం తగ్గలేదా అని మా ఇంట్లోవాళ్లు అడుగుతారు. అత్తకే తగ్గింది, నీకేంటి అంటారు. అత్తకు తగ్గిందని ఎవరు చెప్పారు? డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు పెండ్లిళ్లకు పిలుస్తున్నారు, ఆమె మోకాళ్ల నొప్పుల వల్ల పోలేకపోతోంది. నిజం నిలకడ మీద తెలుస్తుంది, కాలమే న్యాయం చేస్తుంది అని నేనూ బడిలో పిల్లలకు చెప్పినదాన్నే. ఆ కాలం మాత్రం, ఎదురుచూసేవాళ్ల ఆయుష్షులోంచే ఖర్చవుతుంది.